జీపు బానెట్ ఎందుకు ఎత్తైంది? మన సీమకు వచ్చిన ఇంజన్లు, వాటి హెడ్ల చరిత్ర



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మెకానికల్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ తీరిగ్గా చదవండి. మిగతావాళ్లు కూడా చదవొచ్చు. లెక్కలు ఉన్నాయి గానీ గుణకారం, భాగహారం దాటి ఏమీ లేవు.

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒకప్పుడు బావుల కాడ డగ్ డగ్ అని తిరిగిన లిస్టర్ రకం ఆయిల్ ఇంజన్ సైజు 1433 సీసీ. దాని పవర్ 6 హార్స్‌పవర్. ఇప్పుడు మన పిల్లోళ్లు నడిపే పల్సర్ 200 ఎన్ఎస్ సైజు 199.5 సీసీ. పవర్ 23.5. అంటే సైజులో ఏడో వంతు, పవర్‌లో దాదాపు నాలుగింతలు. మరి "సీసీ ఎక్కువుంటే పవర్ ఎక్కువ" అని మనం చెప్పుకునే మాట ఏమైనట్టు?

"బైకు ఇంజన్ స్పీడుగా తిరుగుతాది, అందుకే" అని చాలామంది అంటారు. అది సగం జవాబే. స్పీడును పక్కన పెట్టి లెక్క చూద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. లిస్టర్ నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది కాబట్టి 325 సార్లు పీలుస్తుంది. 1433 సీసీని 325తో గుణిస్తే నిమిషానికి సుమారు 466 లీటర్ల చోటు. దాన్ని 6తో భాగిస్తే ఒక్కో హార్స్‌పవర్‌కు 78 లీటర్లు. పల్సర్‌కు అదే లెక్క కట్టండి: 9500 చుట్లు, 4750 పీల్పులు, 948 లీటర్లు. 23.5తో భాగిస్తే 40 లీటర్లు. స్పీడు తేడా తీసేసినాక కూడా ఒకే పవర్‌కు పల్సర్‌కు సగం చోటు సరిపోతోంది.

ఈ "హార్స్‌పవర్‌కు ఎన్ని లీటర్లు" అనే అంకెను గుర్తుపెట్టుకోండి. ఈ పోస్టంతా దాని చుట్టే తిరుగుతుంది. ఆ అంకె తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఇంజన్ నెత్తిన కూర్చున్న సిలిండర్ హెడ్.

హెడ్ చేసే పని

హెడ్ అంటే సిలిండర్ మీద పెట్టిన మూత అనుకుంటాం. మూతే అయితే ఇంత చరిత్ర ఉండదు. అది మూడు పనులు చేయాలి. ఒకటి, గాలిని లోపలికి రానిచ్చి పొగను బయటికి పంపడం. దీనికి వాల్వులు, పోర్టులు. రెండు, లోపలికి వచ్చినదాన్ని త్వరగా, పూర్తిగా మండించడం. దీనికి మంట గది ఆకారం, ప్లగ్గు లేదా నాజిల్ ఉండే చోటు. మూడు, పుట్టిన వేడిని గోడలకు వృథాగా ఇవ్వకుండా పిస్టన్ మీద తోపుగా మార్చడం, అదే సమయంలో హెడ్ కాలిపోకుండా కాపాడుకోవడం.

ఈ మూడు పనులూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. వాల్వు పెద్దది పెడితే గాలి బాగా వస్తుంది, కానీ ప్లగ్గుకు మంచి చోటు దొరకదు. గది విశాలంగా పరిస్తే వాల్వులకు చోటు ఉంటుంది, కానీ గోడలు ఎక్కువై వేడి పోతుంది. వందేళ్లకు పైగా ఇంజినీర్లు కొట్లాడింది ఈ సర్దుబాటు కోసమే. ఆ కొట్లాటలోని ఒక్కో ఘట్టం ఒక్కో ఇంజన్ రూపంలో మన సీమకు కూడా వచ్చింది.

ఎద్దు పోయి ఇంజన్ వచ్చిన కాలం

ఇంజన్ రాకముందు మన దగ్గర పవర్ అంటే ఎద్దే. బావిలో నీళ్లు తోడేది కపిల. ఊళ్ల మధ్య ధాన్యం, ఉప్పు మోసేది మన సుగాలి పెద్దల ఎద్దుల బిడారు. దక్కనులో సైన్యాలకు గింజలు చేరవేసింది కూడా ఆ బిడార్లే. 1860లలో మద్రాసు నుంచి వచ్చిన రైలుదారి కడపను తాకింది. రైలు, బండ్ల బాటలు పెరిగేకొద్దీ బిడారు బతుకు తెగిపోయింది. తిరిగి బతికే జాతుల మీద "నేరస్థ తెగలు" అని ముద్ర వేసే చట్టం 1871లో వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ వర్తించేట్టు చేసినారు. 1952లో గానీ అది రద్దు కాలేదు. రవాణా ఎద్దు నుంచి ఇంజన్‌కు మారినప్పుడు, రవాణా బాగా తెలిసిన మనవాళ్లకు ఆ ఇంజన్ విద్య అందలేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెప్తున్నానో చివర్లో తెలుస్తుంది.

20వ శతాబ్దం మొదట్లో మద్రాసు రాష్ట్రంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరు బావులకు ఆయిల్ ఇంజన్లు, పంపులు పెట్టించే ప్రయత్నం గట్టిగా చేసినాడు. అప్పుడు కడప జిల్లా కూడా ఆ రాష్ట్రంలోదే. ఆ కాలపు ఆయిల్ ఇంజన్లలో పేరున్నది ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ కనిపెట్టగా హార్న్స్‌బీ కంపెనీ తయారుచేసిన రకం. దాని హెడ్ దగ్గర ఇనుప బుడ్డి లాంటి గది ఒకటి ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసేముందు ఆ బుడ్డిని మంటదీపంతో చాలాసేపు కాల్చాలి. కాలిన గోడ మీద పడిన ఆయిల్ ఆవిరై మండుతుంది. ఇంజన్ నడిచినాక తన వేడితోనే ఆ బుడ్డి వేడిగా ఉంటుంది.

తెలివైన ఏర్పాటే. కానీ కంప్రెషన్ చాలా తక్కువ, మంట మెల్లగా సాగుతుంది, వేడి చాలా భాగం గోడలకు పోతుంది. అందుకే ఇంత పెద్ద ఇనుప ముద్ద నుంచి కొద్దిపాటి పవరే వచ్చేది.

లిస్టర్ హెడ్ మీది చక్రం

1929లో ఇంగ్లండ్‌లోని లిస్టర్ కంపెనీ సీఎస్ అనే డీజిల్ ఇంజన్ తెచ్చింది. ఆ అక్షరాలకు అర్థం చల్లగా ఉన్నా స్టార్ట్ అవుతుందని. మంటదీపం అక్కరలేదు, హ్యాండిల్ తిప్పితే చాలు. తర్వాత రాజ్‌కోట్‌లోని ఫ్యాక్టరీలు అదే నమూనాను వేలకు వేలు పోతపోసి దేశమంతా అమ్మినాయి. మనవాళ్లు "లిస్టర్ ఇంజన్" అనేది ఎక్కువగా వాటినే.

దీని హెడ్ పక్కన చేత్తో తిప్పే చిన్న చక్రం ఒకటి ఉంటుంది. పాత ఇంజన్ చూసినవాళ్లకు గుర్తుండొచ్చు. హెడ్ లోపల మంట గది రెండు భాగాలు. చక్రం బిగిస్తే ఒక భాగం మూసుకుంటుంది. చోటు తగ్గుతుంది కాబట్టి గాలి ఇంకా గట్టిగా నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది, చలిలో కూడా డీజిల్ అంటుకుంటుంది. ఇంజన్ వేడెక్కి లోడు పడినాక చక్రం వదిలితే రెండో భాగం తెరుచుకుంటుంది, ఇంజన్ మెత్తగా నడుస్తుంది. కంప్రెషన్‌ను చేత్తో మార్చే ఇంజన్ అన్నమాట. హెడ్ ఆకారం ఇంజన్ స్వభావాన్ని ఎట్ల మారుస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ ల్యాబులోనూ దొరకదు.

దీని తర్వాత వచ్చినవి కిర్లోస్కర్ లాంటి చిన్న ఇంజన్లు. కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుణేలో 1946లో మొదలైంది. వాళ్ల ఏవీ1 మోడల్ 553 సీసీ, 1500 చుట్ల దగ్గర 5 హార్స్‌పవర్. మన లెక్క వేస్తే 750 పీల్పులు, సుమారు 415 లీటర్లు, హార్స్‌పవర్‌కు 83. లిస్టర్ అంకె 78 కదా, అంటే ఇందులో ముందడుగు ఏమీ లేదా? ఉంది, వేరే చోట ఉంది. లిస్టర్‌లో పిస్టన్ ఒక్కసారి దిగడానికి సెకనులో ఇరవయ్యో వంతు దాకా పడుతుంది. కిర్లోస్కర్‌లో యాభయ్యో వంతే. అంత తక్కువ సమయంలో కూడా అదే వంతు గాలి నింపి, నాజిల్ నుంచి నేరుగా పిస్టన్ గుంతలోకి డీజిల్ చల్లి మండించగలిగింది. అందుకే పెద్ద బండ ఇంజన్ చేసే పనిని దాదాపు అంతటినీ చిన్న ఇంజన్ చేయగలిగింది. కిర్లోస్కర్ ఇంజన్‌నే మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో టెస్ట్ రిగ్గు మీద పెట్టి ప్రయోగాలు చేయిస్తారు.

జీపు చెప్పే సాక్ష్యం

డీజిల్‌నూ పెట్రోల్‌నూ పోల్చడం పూర్తి న్యాయం కాదు. డీజిల్ ఇంజన్ లోపలికి వచ్చిన గాలినంతా వాడుకోలేదు. వాడబోతే నల్ల పొగ కక్కుతుంది. హెడ్ ఒక్కటే మారిస్తే ఏమవుతుందో చూడాలంటే, కింద బ్లాకు అదే ఉండి పైన హెడ్ మారిన ఇంజన్ కావాలి. అట్లాంటిది నిజంగానే ఉంది. అది సీమలో ప్రతి ఒక్కరికీ తెలిసిన బండి, జీపు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి విల్లీస్ కంపెనీ చేసిన జీపు ఇంజన్ సైజు 2199 సీసీ. 4000 చుట్ల దగ్గర 60 హార్స్‌పవర్. దాని వాల్వులు రెండూ సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి. పైన హెడ్ దాదాపు పలకలాంటిది. చేయడం సులువు, బాగుచేయడం సులువు, యుద్ధానికి సరిగ్గా సరిపోయింది. కానీ గాలి పక్క నుంచి పైకెక్కి, మలుపు తిరిగి, మళ్లీ సిలిండర్లోకి దిగాలి. మంట గది పక్కకు సాగి పలచగా పరుచుకుని ఉంటుంది. గోడలు ఎక్కువ, వేడి నష్టం ఎక్కువ. కంప్రెషన్ పెంచుదామంటే మంట అందని మూలల్లో మిగిలిన పెట్రోల్ ముందే పేలి టక టక అని కొడుతుంది. దాన్నే నాకింగ్ అంటాం.

ఈ పక్క వాల్వుల రోగానికి మందు వెతికినవాళ్లలో పెద్దపేరు ఇంగ్లండ్ ఇంజినీరు హ్యారీ రికార్డోది. మంట గదిని వాల్వుల పైకి జరిపి, పిస్టన్ పై భాగంలో హెడ్‌ను బాగా కిందికి దించితే, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అక్కడ నలిగిన గాలి పక్కకు చిమ్ముతుంది. ఆ చిమ్మిన గాలి సుడి వల్ల మంట త్వరగా పాకుతుంది, నాకింగ్ తగ్గుతుంది. 1919 నాటి ఈ ఆలోచన పక్క వాల్వు ఇంజన్ల ఆయుష్షు పెంచింది. అయినా గాలి తిరిగే మలుపు మలుపే. దానికి ఈ మందు పనిచేయదు.

విల్లీస్ వేరే దారి పట్టింది. అదే 2199 సీసీ కింది భాగం ఉంచి, పొగ వాల్వును బ్లాకులోనే వదిలి, గాలి వాల్వును మాత్రం హెడ్‌లోకి ఎక్కించింది. గాలి ఇప్పుడు పైనుంచి నేరుగా దిగుతుంది. వాల్వు పెద్దది పెట్టుకోవచ్చు. కంప్రెషన్ కూడా 6.5 దగ్గర్నుంచి 6.9కి కొంచెం పెరిగింది. అదే 4000 చుట్ల దగ్గర పవర్ 72 అయింది. మన లెక్కలో పాత ఇంజన్ హార్స్‌పవర్‌కు 73 లీటర్లు, కొత్తది 61. సైజు పెరగలేదు, స్పీడు పెరగలేదు. ఇరవై శాతం పవర్ దాదాపుగా హెడ్ మార్పు నుంచే వచ్చింది.

అయితే వాల్వు పైకెక్కితే ఇంజన్ ఎత్తు పెరుగుతుంది. పాత బానెట్ కింద పట్టలేదు. అందుకే 1953లో వచ్చిన సీజే 3బీ మోడల్‌కు బానెట్ ఎత్తు పెంచినారు. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టి, తర్వాత ఈ ఎత్తు బానెట్ మోడల్‌ను మన దేశంలో దశాబ్దాల పాటు తయారుచేసింది. వేంపల్లె, చక్రాయపేట, రాయచోటి బాటల్లో, గండి తిరునాళ్లకు జనాన్ని ఎక్కించుకున్న జీపుల ఎత్తు మొహం వెనక ఉన్న కారణం ఇదే. అందం కోసం పెంచింది కాదు, ఒక వాల్వు చోటు మారినందుకు పెరిగింది.

జీపులో డీజిల్

పెట్రోల్ ఖర్చు భరించలేక జీపులు డీజిల్‌కు మారినాయి. మహీంద్రా వాడిన డీజిల్ ఇంజన్లలో బాగా తెలిసింది ప్యూజో కంపెనీ నమూనా 2112 సీసీ ఎక్స్‌డీపీ. ఇందులో డీజిల్ నేరుగా సిలిండర్లోకి పడదు. హెడ్‌లో చిన్న పక్క గది ఉంటుంది. గాలి సన్నని దారి గుండా అందులోకి దూరి గిర్రున సుడి తిరుగుతుంది, డీజిల్ అందులో పడి మండి బయటికి దూసుకొస్తుంది. ఈ సుడి గది పద్ధతిని కూడా పేరుకు తెచ్చింది రికార్డోనే. 1931లో లండన్ బస్సుల ఇంజన్ల కోసం ఆయన చేసిన కామెట్ హెడ్ దీనికి మూలం. లాభం ఏమంటే డీజిల్ బాగా కలుస్తుంది, ఇంజన్ ఎక్కువ స్పీడు తిరగగలదు, చప్పుడు తక్కువ. నష్టం ఏమంటే ఆ గది గోడలకు, ఆ సన్నని దారికి వేడీ శక్తీ పోతాయి. చల్లటి పొద్దున హీటర్ ప్లగ్ లేకుంటే స్టార్ట్ కాదు.

తర్వాత వచ్చింది డైరెక్ట్ ఇంజక్షన్. కొన్ని బొలెరోల వెనక "డీఐ" అని చూసి ఉంటారు, ఆ అక్షరాల అర్థం అదే. పక్క గది తీసేసి, హెడ్ కింది మొహం చదునుగా చేసి, గుంతను పిస్టన్‌లోకి మార్చినారు. గోడ తగ్గింది, వేడి నష్టం తగ్గింది. అదే పనికి పదిశాతానికి పైగా డీజిల్ మిగులుతుంది. జీపు సొంతదారుకు మైలేజీ అంటే అదే కదా.

శెనక్కాయలు పండించే మనకు ఇంకో సంగతి. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను శెనగ నూనెతో నడిపి చూపించినారు. కానీ చిక్కటి నూనె నేరుగా పోస్తే నాజిల్ మూతికి, వాల్వులకు మసి గడ్డ కడుతుంది. పక్క గది హెడ్లు దీన్ని కొంత తట్టుకుంటాయి, డైరెక్ట్ ఇంజక్షన్ ఇంజన్లు తట్టుకోలేవు. ఏ హెడ్ అయినా ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటుంది.

మన బైకుల లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. పాత స్ప్లెండర్ 97.2 సీసీ, 8000 చుట్ల దగ్గర సుమారు 7.5 హార్స్‌పవర్. లెక్క కడితే 52 లీటర్లు. రెండు వాల్వులే అయినా రెండూ హెడ్‌లోనే ఉన్నాయి, గది చిన్నగా గుండ్రంగా ఉంది. అందుకే జీపు 61ని దాటి ముందుకొచ్చింది.

2012లో వచ్చిన పల్సర్ 200 ఎన్ఎస్‌లో నాలుగు వాల్వులు, మూడు ప్లగ్గులు. 9500 చుట్ల దగ్గర గాలి పీల్చడానికి దొరికేది సెకనులో మూడొందల వంతు. ఆ రెప్పపాటులో నింపాలంటే ఒక పెద్ద వాల్వు కంటే రెండు చిన్నవి మేలు. గుండ్రటి మూతలో రెండు చిన్న వాల్వులు కలిసి తెరిచే దారి ఎక్కువ, ఒక్కొక్కటీ తేలిక కాబట్టి స్ప్రింగు మీద భారం తక్కువ. మూడు చోట్ల ఒకేసారి మంట అంటుకుంటే అది పాకాల్సిన దూరం తగ్గుతుంది. అట్ల 40కి చేరింది.

మొత్తం వరస చూడండి. పెట్రోల్ వరకు తీసుకుంటే పక్క వాల్వుల జీపు 73, సగం పైకెక్కిన జీపు 61, స్ప్లెండర్ 52, పల్సర్ 40. కార్బురేటరు, పెట్రోల్ నాణ్యత, లోహాలు అన్నీ మెరుగైనాయి నిజమే. కానీ ఆ మెరుగులను వాడుకునే తలుపు హెడ్.

షెడ్డులో జరిగేది

దీన్ని సగం అర్థం చేసుకుంటే ప్రమాదం కూడా ఉంది. "హెడ్ ఫేసింగ్ చేయిస్తే కంప్రెషన్ పెరిగి పవర్ వస్తాది" అని బైకులకు, జీపులకు హెడ్ అరగదీయించే వాళ్లున్నారు. పెట్రోల్ ఇంజన్‌లో గది హెడ్‌లో ఉంటుంది కాబట్టి కంప్రెషన్ పెరిగే మాట నిజమే. కానీ హద్దు దాటితే నాకింగ్ వచ్చి పిస్టన్ కరిగిపోతుంది.

డీజిల్‌లో సంగతి వేరు. 553 సీసీ కిర్లోస్కర్‌లో కంప్రెషన్ 16.5. అంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 36 సీసీ లోపే, చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండదు. పిస్టన్ వెడల్పు 80 మిల్లీమీటర్లు. గ్యాస్కెట్ అర మిల్లీమీటరు పలచనిది వేస్తే 2.5 సీసీ పోతుంది, కంప్రెషన్ 17.6 దాటుతుంది, పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు ఆ మేరకు తగ్గుతుంది. అందుకే పాత మిస్త్రీలు హెడ్ బిగించేముందు పిస్టన్ మీద సీసం తీగ పెట్టి, చేత్తో చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలుస్తారు. చదువు రాని మిస్త్రీ చేసినా అది కచ్చితమైన కొలతే.

హెడ్ ఎంత బాగున్నా చేయలేని పని కూడా ఒకటుంది. పైన పెట్టిన పంపు నీటిని పీల్చగలిగే లోతు ఆచరణలో ఏడు మీటర్ల చిల్లరే. అది గాలి ఒత్తిడి పెట్టిన హద్దు, ఇంజన్ పవర్‌తో సంబంధం లేదు. సీమలో నీళ్లు కిందికి పోయేకొద్దీ ఇంజన్లను బావిలోకి దించినారు. బోర్లు, కరెంటు మోటార్లు వచ్చినాక ఆ ఇంజన్లు పాత ఇనుము కింద పోయినాయి.

మనకెందుకు ఇదంతా

ఇప్పుడు మళ్లీ ఒక మలుపు దగ్గర ఉన్నాం. కరెంటు బైకులు, కరెంటు ఆటోలు వస్తున్నాయి. కరెంటు మోటారుకు హెడ్ లేదు, వాల్వు లేదు, గ్యాస్కెట్ లేదు. షెడ్లలో హెడ్ దింపి ఎక్కించే పని మీద బతికే మన తమ్ముళ్లకు ఇది చిన్న వార్త కాదు. ఎద్దుల బిడారు పోయినప్పుడు మనవాళ్లకు తెలిసిన విద్యకు విలువ పోయింది, కొత్త విద్య నేర్పేవాళ్లు లేరు. ఈసారి అట్ల కాకూడదు.

ఒక మోడల్ హెడ్ బిగించడం మాత్రమే నేర్చుకుంటే ఆ మోడల్‌తో పాటే ఆ పని పోతుంది. ఆ హెడ్ అట్ల ఎందుకు ఉందో నేర్చుకుంటే అది పోదు. గాలి ఏ దారిలో తేలిగ్గా పారుతుంది, వేడి ఎక్కడ పోతుంది, ఎంత సందు వదలాలి, ఎట్ల కొలవాలి అనే ప్రశ్నలే బ్యాటరీ చల్లబరిచే చోట, మోటారు కాలకుండా చూసే చోట మళ్లీ వస్తాయి. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే మనోళ్లు సెలవులకు తండాకు వచ్చినప్పుడు, షెడ్డులో పనిచేసే తమ్ముడితో ఒక పూట కూర్చోండి. నీకు తెలిసిన లెక్క వాడికి చెప్పు, వాడి చేతికి తెలిసింది నువ్వు నేర్చుకో.

ఇంకో పని కూడా చేయాలి. మన తండాల్లో, ఎరుకల, యానాది కాలనీల్లో ఆయిల్ ఇంజన్లు తిప్పినవాళ్లు, జీపులు నడిపినవాళ్లు, హెడ్లు దింపిన పాత మిస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఫోన్లో రికార్డు చేసి, వాళ్లు ఒప్పుకుంటేనే ఇక్కడ పెట్టండి. ఏ ఇంజన్, ఏ బావి, ఏ ఏడు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు అని అడగండి. లిస్టర్ చక్రం తిప్పిన చెయ్యి ఎవరిదైనా మీ ఇంట్లో ఉంటే ముందు వాళ్లతోనే మొదలుపెట్టండి.